సుకుమారి శుక్రవారం ప్రశ్నలు

ఖతర్‌లోని దోహాలో, అల్ ఘర్రాఫా అనే పేటలో ఒక పాత విల్లాను దాని యజమాని అడ్డగోడలు కట్టించి వాటాలు చేశాడు. కింది వాటాల్లో ఒకదానిలో సుకుమారి, ఆమె భర్త జడ్సన్ ఉంటారు. జడ్సన్ మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. సుకుమారిది ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి వచ్చేస్తుంది.

ఇద్దరిదీ నరసాపురం పక్కన. పెళ్ళయి పదహారేళ్ళు. పిల్లలు లేరు. రెండుసార్లు ఆశ పుట్టి, పోయింది. ఆ సంగతి సుకుమారి ఎవరితోనూ మాట్లాడదు. కానీ మేడమీద పిల్లల అడుగుల చప్పుడు వినబడితే టీవీ సౌండు తగ్గించి కూర్చునేది. జడ్సన్ అది చూసి కూడా చూడనట్టుండేవాడు.

సుకుమారి చిన్నప్పుడు ఆమె తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు. వారంలో సగం రోజులు నైట్ డ్యూటీలే. వెళ్ళేముందు పలక మీద ఒక ప్రశ్న రాసి అన్నం గిన్నె పక్కన పెట్టేది. "ఇవాళ కాలవలో ఏం కొట్టుకొచ్చింది?" "బళ్ళో ఎవరు ఏడ్చారు, ఎందుకు?" కూతురు జవాబు రాసి పడుకోవాలి. పొద్దున్నే తల్లి వచ్చి, యూనిఫాం విప్పకుండానే పలక చదువుకుని నవ్వుకునేది. పెద్దయ్యాక సుకుమారికి తల్లి ముఖం కంటే ముందు ఆ ప్రశ్నలే గుర్తొచ్చేవి.

ఒక జూన్‌లో, స్కూళ్ళకు సెలవులిచ్చాక, విల్లాలో పిల్లలకు పిచ్చెక్కినంత పనయింది. బయట అడుగు పెడితే గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. లోపల ఫోన్లు, దెబ్బలాటలు, తల్లుల కేకలు. సుకుమారి ఒక శుక్రవారం సాయంత్రం పిల్లలందర్నీ తన హాల్లో కూర్చోబెట్టింది. తలా ఒక నోట్‌బుక్కు ఇచ్చింది. చిన్న చిన్న చీటీల మీద ప్రశ్నలు రాసి పాలపొడి డబ్బాలో వేసి, ఒక్కొక్కర్నీ ఒకటి తియ్యమంది.

"ఇదేం హోంవర్కు కాదర్రా. తప్పులు దిద్దను. మార్కులుండవు. తెలుగులో రాస్తారో, ఇంగ్లీషులో రాస్తారో, ఉర్దూలో రాస్తారో మీ ఇష్టం. రోజూ రెండు వాక్యాలైనా చాలు. మీరు చదివి వినిపిస్తేనే వింటాను, లేకపోతే మీ పుస్తకం నేను ముట్టుకోను."

మొదటి వారం అందరూ ఒకేలా రాశారు. లేచాను, పళ్ళు తోముకున్నాను, తిన్నాను, పడుకున్నాను. పక్క వాటాలోని సుధాకరరావు గారబ్బాయి సిద్ధార్థ్ అయితే పుస్తకం మూసేసి అన్నాడు.

"నాకేమీ జరగట్లేదాంటీ. ఏం రాయను?"

"అయితే ఏమీ జరగని రోజు ఎలా ఉంటుందో రాయి."

వాడు మూతి ముడుచుకుని వెళ్ళాడు. తర్వాతి శుక్రవారం చదివిందేమిటంటే, గదిలో ఏసీ నుంచి నీటిచుక్కలు తన మెడ మీద పడుతున్నాయని, జరగకుండా ఎంతసేపు ఉండగలడో చూద్దామని అక్కడే పడుకున్నాడని, చివరికి చొక్కా అంతా తడిసిందని అమ్మ వీపు మీద ఒకటిచ్చిందని. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఎవరికీ రాయడానికి ఏమీ లేకుండా పోలేదు.

వాళ్ళలో అందరికంటే తక్కువ మాట్లాడేది జైబా. తొమ్మిదేళ్ళ పిల్ల. పై వాటాలో సమద్, నూరైన్ అనే దంపతుల కూతురు. వాళ్ళది కోరుట్ల. సమద్ ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఇంట్లో వాళ్ళ మాట దక్కనీ ఉర్దూ. కానీ నూరైన్ కోరుట్లలో తెలుగు బళ్ళో చదువుకుంది. దోహా స్కూల్లో తెలుగు చెప్పరని, కూతురికి తనే అక్షరాలు దిద్దించింది. అందుకే జైబా డైరీ తెలుగులో రాసేది, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలతో.

'మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేస్తారు? లేచి ఏం చేస్తారు?' అన్న చీటీ ఆ పిల్లకు వచ్చింది. జైబా లేచి నిలబడి చదివింది.

"అమ్మీ లేస్తది. లేచి కిటికీ కాడ నిలబడ్తది. ఏం చూస్తున్నవ్ అంటే ఏం లేదు అంటది. నేను గూడ ఒకరోజు లేచి చూసిన. నిజంగనే ఏం లేదు. గోడ ఉన్నది."

"ఇంకోసారి చదువమ్మా," అంది సుకుమారి.

సాయంత్రాలు నూరైన్ కిందికి దిగి వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఒకసారి చెప్పింది. "అక్కా, దాన్ని ఏమన్న అడిగితే నోరు ఇప్పది. ఆ పుస్తకం చూస్తే గద నా బిడ్డ ఎంత చూస్తదో తెల్సేది. నాకు చదివి వినిపిస్తది, తెల్సా? పండుకునే ముంగట."

ఆ వేసవి చివర్లో నూరైన్‌కు తిన్నది ఇమడటం మానేసింది. ఎండ దెబ్బ అనుకున్నారు. గ్యాస్ అనుకున్నారు. పరీక్షలు చేయించేసరికి కడుపులో గడ్డ ఉందని, అది అప్పటికే పాకిందని తేలింది. వైద్యానికి హైదరాబాద్‌లో అన్న ఇంటికి వెళ్ళడానికి నిశ్చయమైంది. అక్కడైతే పక్కన తల్లి ఉంటుంది. జైబాకు స్కూలు మొదలైంది కాబట్టి తండ్రి దగ్గరే ఉండాలి. స్కూలు వ్యాను దిగినప్పటి నుంచి సమద్ వచ్చేదాకా పిల్ల సుకుమారి దగ్గర ఉండేట్టు మాట్లాడుకున్నారు.

వెళ్ళే రోజు నూరైన్ గడపలో నిలబడి సుకుమారి చేతులు పట్టుకుంది. బుర్ఖాలో మనిషి సగమైపోయి కనిపించింది.

"అక్కా, దానితోని రోజు రాపియ్యి. నేను వచ్చినంక కూసోని అన్నీ చదువుకుంట. ఒక్కరోజు గూడ ఇడ్వనియ్యకు."

"అలాగేలేమ్మా. నువ్వు తొందరగా వచ్చెయ్."

ఆ మాట సుకుమారి నిలబెట్టుకుంది. జైబా వ్యాను దిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఆమె పెట్టిన అన్నం తిని, డైనింగ్ టేబుల్ దగ్గర పుస్తకం తెరిచేది. ఆ పిల్ల కోసం సుకుమారి ప్రత్యేకంగా ప్రశ్నలు వేసేది. 'అమ్మీ ఇక్కడుంటే ఇవాళ దేనికి నవ్వేది?' 'అమ్మీ వెళ్ళాక ఇంట్లో ఏ వస్తువు జాగా మారింది?' జైబా నాలుక బయటపెట్టి, తల వంచి రాసేది. రాశాక చదివి వినిపించేది. ఒకరోజు అబ్బా చేసిన పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఒకరోజు తనే అమ్మీ దుపట్టా బీరువాలోంచి తీసి దిండు కింద పెట్టుకుంది. అన్నీ రాసింది.

మొదట్లో రోజూ వీడియో కాల్ ఉండేది. తర్వాత నూరైన్ ముఖం చూపించడం మానేసి మాట మాత్రమే వినిపించింది. తర్వాత, ఆసుపత్రిలో ఫోన్లు పెట్టుకోనివ్వడం లేదని సమద్ కూతురికి చెప్పాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం జడ్సన్ పిల్లల్ని ఏషియన్ టౌన్‌కు తీసుకెళ్ళాడు. అక్కడి గ్రౌండులో అతని ఫ్యాక్టరీ వాళ్ళ క్రికెట్ మ్యాచ్ ఉంది. సుకుమారి కూడా వెళ్ళింది. మ్యాచ్ మధ్యలో సమద్ ఫోను చేశాడు.

"అక్కా, నూరైన్‌కు సీరియస్‌గ ఉన్నదంట. నేను డ్యూటీ కాడి నుంచే ఏర్‌పోర్టుకు పోతున్న. జైబాను మీ కాడ ఉంచుకోండ్రి. ఏం చెప్పకుండ్రి. జర సంబురంగ ఉంచుండ్రి దాన్ని."

సుకుమారి ఉంచింది. పానీపూరీ తినిపించింది. గాజులు కొనిపెట్టింది. జడ్సన్ టీము గెలిస్తే జైబా అందరికంటే గట్టిగా అరిచింది.

సమద్ తిరిగి వచ్చిన సాయంత్రం సుకుమారి టీ ఫ్లాస్కు పట్టుకుని పైకి వెళ్ళింది. జైబా కింద జడ్సన్‌తో క్యారమ్స్ ఆడుతోంది. సమద్ చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. ఆమెను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"కోరుట్లల మట్టి ఇచ్చి వచ్చిన అక్కా," అన్నాడు. "శుక్రవారం పొద్దుగాల్నే పోయిందంట. నేను పోయేసరికి అంత అయిపోయింది. మొఖం ఒక్కటి చూసిన."

సుకుమారి ఫ్లాస్కు కింద పెట్టి గోడకు చేరబడింది. కింది నుంచి జైబా నవ్వు వినబడింది. సమద్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"బిడ్డకు చెప్పకండ్రి అక్కా. దండం పెడ్త. పరీక్షలున్నయి. పరీక్షలైనంక నేనే చెప్త."

"చెప్పను," అంది సుకుమారి.

పరీక్షలయ్యాయి. సమద్ చెప్పలేదు. బిడ్డ పుట్టినరోజు ఉంది, అది కానీ అన్నాడు. పుట్టినరోజు కూడా వెళ్ళిపోయింది. జైబా రోజూ మెట్లు దిగి వస్తూనే ఉంది. 'అమ్మీ, ఇయ్యాల ఏం జరిగిందో తెల్సా' అని మొదలుపెట్టి రాస్తూనే ఉంది. రాసి చదువుతుంటే సుకుమారి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి నిలబడేది.

"వినబడుతుందా ఆంటీ?"

"వినబడుతోందమ్మా. చదువు."

డబ్బాలోంచి అమ్మ అన్న మాట ఉన్న చీటీలన్నీ తీసేసింది. దూరం, ఎదురుచూడటం, ఊరు అన్నవీ తీసేసింది. మిగిలినవి పావురాల గురించి, పెన్సిళ్ళ గురించి. ఒక శుక్రవారం సిద్ధార్థ్ తన చీటీ చూసి పెదవి విరిచాడు.

"ఈ మధ్య మీ ప్రశ్నలేం బాగోట్లేదాంటీ. మా టీచరడిగినట్టు అడుగుతున్నారు."

అక్కడి శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం కూడా ఆఫీసుకు సెలవు పెట్టి పడుకుంది సుకుమారి. జడ్సన్ డ్యూటీ నుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"సుకుమారీ, ఇది మంచిది కాదు. విల్లాలో అందరికీ తెలుసు. రేపు ఎవరి నోటో వింటే ఆ పిల్లేమైపోతుంది?"

"చెప్పాల్సింది తండ్రి కదండీ. నేనెవర్ని?"

"నువ్వెవరివో దానికి తెలుసు," అన్నాడు జడ్సన్. ఆమె అటు తిరిగి పడుకుంది.

నవంబరులో గాలి చల్లబడింది. జైబా నోట్‌బుక్కు చివరి పేజీకి వచ్చింది. ఆ సాయంత్రం పిల్ల పుస్తకానికి రంగు కాగితం అట్ట వేసి, పైన అమ్మీ పేరు రాసి, సుకుమారి ముందు పెట్టింది.

"సిద్ధార్థ్ వాళ్ళ డాడీ హైదరాబాద్ పోతుండంట ఆంటీ. ఆయనతోని పంపిద్దాం. అమ్మీకి ఫోన్ ఇయ్యకున్నా పుస్తకం ఇస్తరు గద ఆస్పత్రిల. నువ్వు ఇయ్యి అంకుల్‌కు. నేను అడిగితే ఇంట్ల అబ్బా ఏమన్న అంటడో ఏమో."

సుకుమారి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. "ఇక్కడే కూర్చో నాన్నా, ఇప్పుడే వస్తాను," అని చెప్పులు లేకుండానే పైకి వెళ్ళింది. సమద్ అప్పుడే వచ్చి ముఖం కడుక్కుంటున్నాడు.

"ఆ పుస్తకం నేను తీసుకోలేను సమద్ గారూ," అంది. ఆయాసపడుతూ విషయం చెప్పింది. "ఇంక నావల్ల కాదు. ఇవాళ మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

సమద్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత కిందికి దిగి, కూతురి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. పుస్తకం కూడా జైబా చంకలోనే వెళ్ళింది. సుకుమారి మెట్ల కింద నిలబడింది. తలుపు వేసి ఉంది. సమద్ గొంతు సన్నగా, దక్కనీలో, ఆగి ఆగి వినబడింది. తర్వాత పెద్దగా వినబడిన ఏడుపు అతనిదే. పిల్లది కాదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. జైబా మెట్ల పైన నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఆంటీ, నీకు ఎప్పటిసంది తెల్సు?"

ఏదో ఒక అబద్ధం సుకుమారి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "మీ నాన్న ఊరి నుంచి వచ్చిన రోజు నుంచి," అంది.

జైబా ఆ మాటను లోపల అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు నిలబడింది.

"మరి రోజు రాయమన్నవ్," అంది. "నేను అమ్మీ, అమ్మీ అని రాస్తుంటే రాయనిచ్చినవ్."

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాటి నుంచి జైబా వ్యాను దిగి నేరుగా సిద్ధార్థ్ వాళ్ళింటికి వెళ్ళేది. సుకుమారి గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు తల అటు తిప్పుకునేది. సుకుమారి ఆ వేళకు తలుపు దగ్గర లేకుండా చూసుకోవడం అలవాటు చేసుకుంది. శుక్రవారాలు పిల్లలు వచ్చి తలుపు తడితే ఒంట్లో బాగాలేదని పంపించేసింది. ఒక నెల తర్వాత వాళ్ళూ తట్టడం మానేశారు. సమద్ ఒకసారి వచ్చి, చిన్నపిల్ల, కోపం తగ్గినాక వస్తది అక్కా, మనసుల పెట్టుకోకండ్రి అన్నాడు. ఆమె తలూపింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం సుకుమారి ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. జైబా. బ్యాగు ఇంకా వీపు మీదే ఉంది. ఈ రెండు నెలల్లో కాస్త పొడుగైనట్టుంది.

"నేను ఒక ప్రశ్న ఇస్త. నువ్వు రాయాలె."

"ఏం ప్రశ్నమ్మా?"

"తెల్సి గూడ ఎందుకు చెప్పలే. గది రాయి. నాకు సదివి ఇనిపించకు. నేనే సదువుకుంట."

సుకుమారి వారం రోజులు రాసింది. మీ నాన్న వద్దన్నాడు అని రాసి చింపేసింది. నీ పరీక్షలు పాడవుతాయని అని రాసి అదీ చింపేసింది. రాసిన ప్రతిదీ నిజమే. కానీ ఏదీ సరిపోలేదు. చివరికి సగం పేజీ మిగిలింది. జైబా మెట్ల మీద కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

'మీ నాన్న వద్దన్నాడు. అది సగం. నువ్వు ఏడిస్తే చూడలేనని భయం వేసింది. ఇంకొకటి కూడా ఉంది. నువ్వు రోజూ వచ్చి నా పక్కన కూర్చుని రాసుకుంటుంటే నాకు ఇల్లు ఇల్లులా ఉండేది. చెబితే నువ్వు రావేమోననుకున్నాను. అందుకని ఒక్కరోజు, ఇంకొక్కరోజు అని ఆగాను. అది నీకు అన్యాయం. నాకు తెలిసే చేశాను.'

జైబా రెండుసార్లు చదివింది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. బ్యాగులోంచి రంగు అట్ట వేసిన తన నోట్‌బుక్కు తీసింది.

"అమ్మీ పోయిన రోజు శుక్రవారం అని అబ్బా చెప్పిండు. ఆ దినం నేను ఏం రాసిన్నో చూడాలె. ఒక్కదాన్నే చూడబుద్ధి కాలే."

సుకుమారి ఒక మెట్టు కింద కూర్చుంది. జైబా పేజీలు తిప్పి ఆ రోజు దగ్గర ఆగింది. చదవమని పుస్తకం ఆమెకిచ్చింది. అన్నాళ్ళలో సుకుమారి ఆ పుస్తకం చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

"'అమ్మీ, ఇయ్యాల ఏషియన్ టౌన్ పోయినం. పానీపూరీల నీళ్ళు మస్తు కారం. నా ముక్కు కారింది. అంకుల్ వాళ్ళు గెలిచిండ్రు. నేను ఎంత ఒర్రిన్నంటే గొంతు పోయింది. ఇయ్యాల నా బెస్ట్ డే.'"

చదవడం అయిపోయింది. జైబా గోడ వైపు చూస్తోంది.

"నవ్వుతున్న నేను," అంది. "అమ్మీ పోయినంక గూడ నవ్వుకుంట ఉన్న."

అప్పుడేడ్చింది ఆ పిల్ల. తండ్రి చెప్పిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. మెట్ల మీద ఎగిరెగిరి పడుతూ, ఊపిరందక, ఎక్కిళ్ళు పెడుతూ ఏడ్చింది. సుకుమారి ముట్టుకోవచ్చో లేదో తెలియక కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత దగ్గరికి తీసుకుంది. జైబా తోసెయ్యలేదు.

"నీకు తెలీదు కదమ్మా. నవ్వితే తప్పేముంది? మీ అమ్మ చదివుంటే ఆ పేజీకే ఎక్కువ సంతోషపడేది."

"సదవలే గద," అంది జైబా, ఆమె భుజానికి ముఖం ఆనించుకునే.

మార్చిలో పరీక్షలు అవగానే సమద్ కూతుర్ని కోరుట్లలో తన తల్లి షమ్సున్నీసా దగ్గర వదలడానికి నిశ్చయించుకున్నాడు. ఒక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఆడపిల్లను చూసుకోలేనన్నాడు. కింద నేను లేనా అని సుకుమారి అనబోయి ఆగిపోయింది. వెళ్ళే రోజు జైబా కిందికి వచ్చి, సుకుమారి ఇచ్చిన కొత్త నోట్‌బుక్కు తీసుకుని, జడ్సన్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చి, కారెక్కింది. సమద్ విల్లా ఖాళీ చేసి కంపెనీ క్యాంప్‌కు మారిపోయాడు. పై వాటాలోకి ఎవరో కొత్త జంట వచ్చారు. వాళ్ళకింకా పిల్లల్లేరు.

మళ్ళీ వేసవి వచ్చింది. సిద్ధార్థ్, ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి అడిగితే సుకుమారి శుక్రవారాలు మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు చీటీ ఇచ్చేముందు ప్రతివాడి ముఖం కాసేపు చూస్తుంది. ఇది వద్దనుకుంటే చెప్పండి, వేరేది ఇస్తానంటుంది. ఆ మాట ముందే అనాల్సిందని ఒకరోజు జడ్సన్‌తో అంది.

అప్పుడప్పుడు కోరుట్లకు ఫోను చేస్తుంది. షమ్సున్నీసా తీసి, "బేటీ జైబా! దుబాయ్ ఆంటీ ఫోను!" అని కేక వేస్తుంది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు అది దుబాయే.

మొన్న మాట్లాడినప్పుడు సుకుమారి ఊరికే అడిగింది.

"రాసుకుంటున్నావా అమ్మా?"



"లేదాంటీ. పుస్తకం తీస్త. అమ్మీ అని రాయబోత. మళ్ళ యాదికొస్తది. మూసేస్త."

"రాయకపోతే పోనీలే తల్లీ. ఏమీ కాదు."

"కోపం రాదా నీకు?"

"నాకెందుకు కోపం?"

అప్పుడు జైబా మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కొత్త బళ్ళో తన తెలుగు చూసి సార్ మెచ్చుకున్నాడని. దాదీ పెంచే మేక చున్నీ నమిలేసిందని. మేడ మీదికెక్కితే అమ్మీ ఉన్న కబరస్తాన్ చెట్లు కనబడతాయని, సాయంత్రాలు అక్కడ నిలబడుతున్నానని. సుకుమారి స్టవ్ ఆపేసి, వంటింటి గోడకు ఆనుకుని, ఊఁ అంటూ వింటూ ఉండిపోయింది. జడ్సన్ వచ్చి అన్నం పెట్టుకోబోతుంటే, చప్పుడు చెయ్యొద్దని చేత్తో సైగ చేసింది.